పాత చుక్కలు... కొత్త ముగ్గు

సంక్రాంతి నెలలో ఏ వీధిలో చూసినా చుక్కలు అవే. పదిహేను చుక్కలతో మొదలుపెట్టి, ఎనిమిది వచ్చేదాకా తగ్గించుకుంటూ పోవడమూ అదే. అయినా ఒక ముంగిట్లో ముగ్గును ‘రోజూ చూసేదేగా’ అనుకుని దాటేస్తాం. పక్కింటి ముందు మాత్రం కాళ్లు ఆగిపోతాయి. చుక్కలు పాతవే, గీతలూ పాతవే... మరి కొత్తగా ఉన్నదేమిటి? ఆగిన కాళ్లకు తెలుసు. నోటికే చెప్పడం రాదు.

ఈ చెప్పలేని సంగతిని చట్టం మాత్రం చెప్పి తీరాలి. అదీ కాగితం మీద, కారణాలతో సహా. ఎందుకంటే ఆ కొత్తదనం వెనక డబ్బుంది, కష్టముంది. ఒక్కోసారి ఒక కుటుంబానికి ఏడాది బతుకు కూడా ఉంది.

హిమాయత్‌నగర్ మెయిన్ రోడ్డులో నగల దుకాణాల అద్దాల వంక చూస్తూ నడిస్తే ఈ చిక్కు ఇట్టే అర్థమవుతుంది. కాసులపేరు ఉంటుంది. గుట్టపూసల హారం ఉంటుంది. మామిడిపిందెలు ఉంటాయి. అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే. ఇప్పుడు ఇలా అనుకుందాం. ఒక నగల వ్యాపారి కాసులపేరు అంచుకు గుట్టపూసలు కుచ్చి ‘ఇది నా కొత్త డిజైన్, ఇంకెవరూ చేయకూడదు’ అన్నాడు. రెండో వ్యాపారి దగ్గరా కాసులే, గుట్టపూసలే. కానీ కాసులు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి వచ్చేసరికి చిన్నవైపోతూ ఉంటాయి. ముత్యాలన్నీ ఒక పక్కకే జారినట్టు వేలాడుతుంటాయి. ‘ఇదీ నాదే’ అన్నాడాయన.

ఇద్దరూ పాత సరుకునే కలిపారు. ఇద్దరికీ హక్కు ఇవ్వాలా? ఇద్దరికీ వద్దనాలా? లేక ఒకరికి ఇచ్చి ఒకరికి వద్దనాలా?

పేటెంట్ల ప్రపంచంలో దీనికి ఒక పరీక్ష ఉంది. ‘ఆ పనిలో ఉన్నవాడికి ఇది ఇట్టే తట్టేదేనా?’ అన్నదే ఆ పరీక్ష. ఇట్టే తట్టేదైతే హక్కు లేదు. తట్టనిదైతే ఉంది. యంత్రాల విషయంలో ఈ పరీక్ష పెట్టడం కష్టమే అయినా కుదురుతుంది. అందం విషయంలోనే అసలు తంటా!

యంత్రానికో లెక్క, అందానికో లెక్క

తేడా తెలియాలంటే మన చేనేత మగ్గం దగ్గరకే వెళ్లాలి. చింతకింది మల్లేశం పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆలేరు దగ్గరి శారాజీపేటలో పుట్టారు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి దాదాపు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. అమ్మ పేరే దానికి పెట్టారు. 2011లో పేటెంట్ వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఆ యంత్రం ఏం చేస్తుందో చెప్పొచ్చు. ఎన్ని గంటల పని తగ్గిందో కొలవొచ్చు. అంతకుముందు ఏ యంత్రమూ ఆ పని చేయలేదని చూపించొచ్చు. కాబట్టి అది ఇట్టే తట్టేదా, కాదా అని వాదించుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

మరి అదే ఆసు మీద నుంచి వచ్చిన నూలుతో నేసిన చీర మీద నమూనా సంగతి? అది ఏ పనీ చేయదు. బాగుంటుంది, అంతే! ఆ ‘బాగుండటాన్ని’ కాపాడే చట్టం వేరు. మన దేశంలో దాని పేరు 2000 నాటి డిజైన్ల చట్టం. 2001 మే నుంచి అమల్లోకి వచ్చింది. వస్తువు ఆకారం, నమూనా, అలంకారం, గీతలు, రంగుల కూర్పు... వీటిలో కంటితో మాత్రమే చూసి తేల్చగలిగేది డిజైన్ అంటుంది ఆ చట్టం. వస్తువు ఎలా పనిచేస్తుందో దానికి అనవసరం. రిజిస్టర్ చేసుకుంటే పదేళ్లు హక్కు. మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

అమెరికాలో ఈ రెండింటినీ పేటెంట్ అనే పిలుస్తారు. అక్కడ వస్తువు అందానికి ఇచ్చేది ‘డిజైన్ పేటెంట్’. పేరు ఒకటే కావడంతో పరీక్ష కూడా ఒకటే వచ్చిపడింది. అందం కూడా ‘ఇట్టే తట్టనిది’ అయి ఉండాలి!

గుర్రపు జీను నుంచి కారు రేకు దాకా

ఈ చిక్కును అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే ఎదుర్కొంది. ఆ కేసు గుర్రపు జీను గురించి. అప్పటికే బజారులో రెండు రకాల జీన్లున్నాయి. ఒక తయారీదారు ఒకదాని ముందు భాగాన్ని, రెండోదాని వెనక భాగాన్ని కలిపి కొత్త జీను చేసి, డిజైన్ పేటెంట్ పుచ్చుకున్నాడు. ఇంకొకరు దాన్ని కాపీ కొట్టారని కోర్టుకెక్కాడు. కోర్టు ఏమంది? జీన్లు చేసేవాళ్లు కొనేవాళ్ల అభిరుచిని బట్టి ఇలా సగం సగం కలపడం మామూలే, అందులో గొప్పేమీ లేదంది. అయితే ముందు భాగంలో పైనుంచి నిటారుగా దిగే చిన్న వాలు మాత్రం కొత్తగా ఉందంది. హక్కు ఉంటే గింటే ఆ వాలుకే. అవతలివాడి జీనులో ఆ వాలు లేదు. కాబట్టి కాపీ లేదు, కేసు లేదు!

ఒక చీర అంచు, ఇంకో చీర కొంగు కలిపితే కొత్త చీర అయిపోదని నూటముప్పై ఏళ్ల కిందటే తేల్చారన్నమాట.

తర్వాత 1982లో అక్కడి కోర్టు ఒక గట్టి నియమం పెట్టింది. ఒక డిజైన్ ఇట్టే తట్టేదని కొట్టేయాలంటే ముందుగా దాదాపు అచ్చం అలాగే ఉన్న పాత డిజైన్ ఒకటి చూపించాలి. అది దొరికాకే దానికి మరో పాత డిజైన్‌లోని ముక్కను జోడించి వాదించాలి. మొదటిది దొరక్కపోతే వాదన అక్కడితో ఆఖరు. 1996లో దీన్నే మరోసారి స్థిరపరిచారు. దీంతో డిజైన్ పేటెంట్‌ను పడగొట్టడం చాలా కష్టమైపోయింది.

ఆ నియమం 2024 మే 21న కూలింది. దాన్ని కూల్చింది ఒక కారు రేకు! ముందు చక్రం పైన ఉండే ఫెండర్ అన్నమాట. పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాల్లో ‘కంపెనీదా, డూప్లికేటా’ అని అడగడం మనకు అలవాటే. అలాంటి బయటి విడిభాగాలు అమ్మే అమెరికా సంస్థ ఎల్‌కేక్యూ. కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌కు తన ఫెండర్ మీద డిజైన్ పేటెంట్ ఉంది. ‘ఈ వంపుల్లో కొత్తేముంది? పాత కార్లలో ఉన్నవేగా’ అన్నది ఎల్‌కేక్యూ వాదన. పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు జడ్జీలంతా కలిసి కూర్చుని పాత నియమాన్ని పక్కన పెట్టేశారు. అచ్చం అలాగే ఉన్నది దొరకనక్కర్లేదు. చూడటానికి పోలిక ఉన్న పాత డిజైన్ ఒకటి చాలు. దానికి, కొత్తదానికి ఉన్న తేడా ఏమిటో చూడండి. ఆ తేడా ఆ రంగంలో పనిచేసే మామూలు డిజైనర్‌కు సహజంగా తట్టేదేనా అని అడగండి. అంతే! ఆ లెక్కన మళ్లీ చూడమని కేసును కిందికి పంపించారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అడిగేది కొనేవాణ్ని కాదు, కోర్టు గుమాస్తానీ కాదు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడి కన్ను ఏం చెబుతుందన్నదే ప్రశ్న.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. పొడుపు కథ విప్పాక ‘ఓస్, ఇంతేనా’ అననివాళ్లు ఉండరు. డిజైన్ కూడా అంతే. కళ్ల ముందు పెట్టాక ప్రతిదీ తేలిగ్గానే కనిపిస్తుంది. చూసిన తర్వాత తట్టడం కాదు, చూడకముందు తట్టేదా అన్నదే లెక్క.

మన చట్టం మాట

మన డిజైన్ల చట్టంలో కొత్తదనం కొలిచే చోట ‘ఇట్టే తట్టేది’ అన్న మాట కనిపించదు. దాని బదులు నాలుగో సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ముందే తెలిసిన డిజైన్ల నుంచి గానీ, తెలిసిన డిజైన్ల కలయిక నుంచి గానీ ‘గణనీయంగా వేరుగా’ లేనిదాన్ని రిజిస్టర్ చేయకూడదు. ‘కలయిక’ అన్న ఆ ఒక్క మాటతో గుర్రపు జీను కథ మన చట్టంలోకీ వచ్చేసింది. ఆ వ్యాపారంలో ఎవరైనా మామూలుగా చేసే చిల్లర మార్పుల్ని కోర్టులు కొత్తదనంగా ఒప్పుకోవు.

అయితే పాత నమూనా అన్న ప్రతిదీ పాతదే అవుతుందా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2008లో ఒక జవాబిచ్చింది. గోపాల్ గ్లాస్ వర్క్స్ అనే సంస్థ అద్దం పలకల మీద ఒక నమూనాను రిజిస్టర్ చేసుకుంది. భారత్ గ్లాస్ ట్యూబ్ సంస్థ దాన్ని రద్దు చేయమంది. ఎందుకంటే అద్దం మీద ఆ నమూనా అచ్చు వేసే ఇనుప రోలర్ జర్మనీ నుంచి వచ్చింది. ఆ కంపెనీ అలాంటి రోలర్లను 1992 నుంచే చేస్తోందన్నది వాదన. డిజైన్ల అధికారి రద్దు చేశారు. కలకత్తా హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. సుప్రీంకోర్టు హైకోర్టు మాటే ఖాయం చేసింది. నమూనా రోలర్ మీద ఉండటం వేరు, అద్దం మీదకు ఎక్కి కంటికి కనిపించడం వేరంది. అద్దం మీద అది ముందే వచ్చిందని రద్దు కోరినవాళ్లు రుజువు చేయలేకపోయారంది.

అంటే చట్టం చూసేది గీతల్ని మాత్రమే కాదు. ఆ గీతలు ఏ వస్తువు మీద, ఏ రూపంలో కంటికి కనిపించాయన్నది కూడా చూస్తుంది. అందుకే హిమాయత్‌నగర్ నగల వ్యాపారుల్లో మొదటివాడికి నిలబడే అవకాశం తక్కువ. కాసులపేరుకు గుట్టపూసలు కుచ్చడం కంసాలి పనిలో ఎవరికైనా తట్టేదే. రెండోవాడికి అవకాశం ఉంది. ముక్కలు విడగొడితే అతని దగ్గరా కొత్తదేమీ మిగలదు. కానీ నగను ముక్కలుగా మెడలో వేసుకోరు. మొత్తంగా చూస్తే కంటికి అది వేరేది.

పోచంపల్లి ప్రశ్న

నగల వ్యాపారికి హక్కు రాకపోతే ఒక సీజన్ లాభం పోతుంది. నేతగాడికి పోయేది అంతకంటే ఎక్కువ.

హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల లోపే ఉంది భూదాన్ పోచంపల్లి. అక్కడ నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత పడుగూ పేకా కలిపి నేస్తారు. నమూనా బట్ట మీద వేసింది కాదు, దారంలోనే పుట్టింది. అందుకే బట్టకు రెండు వైపులా కనిపిస్తుంది. ఇంత కష్టపడి నేసిన చీర బజారుకు రాగానే, అదే నమూనాను మిల్లు బట్ట మీద అచ్చేసి కొద్దిపాటి ధరకు అమ్మేయడం ఆ ఊరికి పాత గాయం.

దానికి మందుగానే పోచంపల్లి చేనేత సహకార సంఘం, టై అండ్ డై పట్టుచీరల ఉత్పత్తిదారుల సంఘం కలిసి భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టాయి. 2004-05లో అది దక్కింది. దేశంలో ఆ గుర్తింపు పొందిన తొలి వస్తువుల్లో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. దార్జిలింగ్ టీ సరసన నిలబడింది!

అయితే ఆ గుర్తింపు ప్రధానంగా కాపాడేది పేరును. అచ్చు బట్టను ‘పోచంపల్లి’ అని అమ్మితే తప్పు. పేరు ఎత్తకుండా నమూనా మాత్రం వాడుకుని ‘ప్రింటెడ్ చీర’ అని అమ్మితే? ఆ గుర్తింపు చెయ్యి అక్కడిదాకా చాచడం కష్టం. అక్కడ పనికొచ్చేది డిజైన్ రిజిస్ట్రేషన్. దానికి మగ్గమా, మిల్లా అన్న పట్టింపు లేదు. కంటికి అదే నమూనా కనిపిస్తే చాలు. అదే తరగతి వస్తువు మీద మోసపూరితంగానో, చూడగానే తెలిసిపోయేలాగానో అనుకరిస్తే తప్పే అంటుంది ఇరవై రెండో సెక్షన్. సొమ్ము రాబట్టుకోవాలంటే ఒక్కో ఉల్లంఘనకు 25,000, ఒక డిజైన్‌కు మొత్తం 50,000 రూపాయల పరిమితి ఉంది. లేదంటే నష్టపరిహారానికీ, అమ్మకాలు ఆపించడానికీ దావా వేయొచ్చు.

సరిగ్గా ఇక్కడే అచ్చు బట్టల వ్యాపారి ఎదురు ప్రశ్న వేస్తాడు. ‘గడులు పాతవి, డైమండ్లు పాతవి, ఏనుగూ చిలకా పాతవే. తాతల నాటి వాటిని కలిపి నాది అంటే ఎలా? ఇది ఎవరికైనా తట్టేదే.’

కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. పాత గడుల మీద ఒక్కరికి హక్కు ఇచ్చేస్తే మిగతా మగ్గాలన్నీ ఆగిపోతాయి. రేపు ఏ పెద్ద కంపెనీయో తేలియా రుమాల్ గడుల్ని తన పేర రిజిస్టర్ చేయించుకుని నేతగాళ్లకే నోటీసులు పంపిస్తే? అప్పుడు ఇదే పరీక్ష నేతగాడికి కవచం అవుతుంది. పంతొమ్మిదో సెక్షన్ కింద సంబంధం ఉన్న ఎవరైనా రద్దు కోరవచ్చు. తేదీ ఉన్న పాత ఫొటో, పాత కేటలాగు, మ్యూజియంలో ఉన్న వస్త్రం... ఏదైనా సాక్ష్యమే. అంటే ఈ కత్తికి రెండు వైపులా పదునుంది. పరీక్ష మరీ సులువైతే ఊరుమ్మడి ఆస్తి ఒకరి పాలవుతుంది. మరీ కఠినమైతే సంప్రదాయంలో పనిచేసే ఏ నేతగాడికీ తన కొత్త ఊహ మీద హక్కే దక్కదు. ఎందుకంటే అతను వాడే ప్రతి చుక్కా పాతదే కదా!

అందుకే ‘ఎవరి కన్ను’ అన్నది ఇంత ముఖ్యం. ఇక్కత్ తెలియని కంటికి చీరలన్నీ ఒకేలా ఉంటాయి. ఏ మలుపు దగ్గర రంగు మార్చారో, ఏ గడిని ఎందుకు వదిలేశారో తెలిసిన కంటికే తేడా కనిపిస్తుంది. కొత్తదనం తేల్చేటప్పుడు ఆ తెలిసిన కన్నుతోనే చూడాలి. కేసు వస్తే వకీలు వాదన ఒక్కటే సరిపోదు. ముప్పై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నవాళ్లు సాక్ష్యం చెప్పాలి.

నుమాయిష్‌లో పెట్టేముందు...

పరీక్ష సంగతి అలా ఉంచితే, చాలామంది పరీక్ష దాకా రాకుండానే ఓడిపోతారు. కారణం చిన్నది. ముందు చూపించేస్తారు, తర్వాత దరఖాస్తు పెడతారు!

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతున్న నుమాయిష్ మన కళాకారులకు పెద్ద పండగ. కొత్త చీర, కొత్త నగ ముందుగా అక్కడి స్టాల్‌లోనే వేలాడదీయాలనిపిస్తుంది. కానీ దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపిస్తే ఆ డిజైన్ చట్టం దృష్టిలో పాతదైపోతుంది. సొంతదారు చూపించినా అంతే. కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రం మినహాయింపు ఉంది. దానికీ ముందుగా కంట్రోలర్‌కు నోటీసు ఇచ్చి, చూపించిన నాటి నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తప్పలేదు. చిల్లుల చెప్పుల కంపెనీ క్రాక్స్ 2018లో ఢిల్లీ హైకోర్టులో ఇదే చోట బోల్తా పడింది. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆ చెప్పుల రూపం ఇంటర్నెట్‌లో బయటపడిందని కోర్టు తేల్చింది.

నేతవాళ్లకు మాత్రం చట్టం ఒక చిన్న వెసులుబాటు ఇచ్చింది. రిజిస్టర్ చేయాలనుకున్న కొత్త వస్త్ర డిజైన్‌కు గోప్యంగా తీసుకున్న మొదటి ఆర్డర్‌ను ‘బయటపెట్టడం’ కింద లెక్కించదు. దుకాణదారుకు నమ్మకం మీద చూపించి ఆర్డర్ తెచ్చుకోవచ్చన్నమాట.

మరికొన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. ‘బొమ్మ గీసింది నేనే, కాపీరైట్ ఎలాగూ ఉంటుంది’ అనుకుంటే పొరపాటు. రిజిస్టర్ చేయదగ్గ డిజైన్‌ను చేయించకుండా యాభైకి మించి వస్తువుల మీద వేస్తే ఆ కాపీరైట్ పోతుంది. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం గీసిస్తే డిజైన్‌కు సొంతదారు గీయించుకున్నవారే. మాస్టర్ వీవర్ దగ్గర పనిచేసేవాళ్లు ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి. దరఖాస్తు రుసుము 2021 నిబంధనల ప్రకారం వ్యక్తులకు, చిన్న సంస్థలకు వెయ్యి రూపాయలు. గ్రాఫ్ కాగితం మీద గీసిన మొదటి బొమ్మను తేదీతో సహా దాచుకోవడానికి అదీ అక్కర్లేదు.

తాతలు పెట్టిన చుక్కలు ఊరందరివీ. వాటి మీద ఎవరూ కంచె వేయకూడదు. ఆ చుక్కల మధ్య ఎవరూ వెళ్లని దారిలో గీత గీసినవాళ్లకు కొన్నేళ్లపాటు ఆ గీత వాళ్లదే అని చెప్పే కాగితం ఉండాలి. ఆ కాగితం సంపాదించాల్సింది మాత్రం చీర స్టాల్‌లో వేలాడదీయకముందే!